ముగ్గుల పుస్తకం ప్రెస్‌కి పంపితే ప్రూఫ్‌లో 2 పేజీల్లో ముగ్గులే మాయం – ట్రాన్స్‌పరెన్సీ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

అమ్మమ్మ_ముగ్గులు (నంగనల్లూరు) – శుక్రవారం రాత్రి 10:20

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు పక్కన పల్లె, పెళ్ళయ్యాక చెన్నై వచ్చేసి 20 ఏళ్ళు దాటింది. మా అమ్మమ్మ ధనుర్మాసం నెలంతా రోజుకో ముగ్గు వేసేది, మర్చిపోకుండా రూళ్ళ నోటుబుక్కుల్లో గీసిపెట్టుకునేది, అలాంటివి 3 నోటుబుక్కులు ఆమె పోయాక నా చేతికొచ్చాయి. వాటిని పుస్తకంగా వేయించి చుట్టాలకీ మా వీధిలో ఆడవాళ్ళకీ ఇద్దామని 6 నెలలనుంచి రాత్రిపూట కూర్చుని చేస్తున్నా. 96 పేజీలు, ఎనిమిదిన్నర అంగుళాల చదరం, 500 కాపీలు ఆఫ్‌సెట్. ఖర్చు తగ్గుద్దని లోపల 2 రంగులే, నలుపూ ఇంకోటి ఎర్రమట్టి రంగు, అది స్పాట్ కలర్‌గా (4 రంగులు కలపకుండా ఆ రంగు సిరానే విడిగా వేసేది) పెట్టాను. అలికిన వాకిలి మీద తెల్లగా ముగ్గు వేసినట్టు పేజీ మొత్తం ఎర్రమట్టి, దానిమీద తెల్లగీతలు. ఇన్‌డిజైన్‌లో (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) చేశాను, ప్రెస్‌వాళ్ళు పీడీఎఫ్ ఎక్స్-1ఏ (అచ్చుకిచ్చే పీడీఎఫ్‌లో ఒక రకం) అడిగితే అదే ఎక్స్‌పోర్ట్ చేసి ఇచ్చాను.

ఇప్పుడు గొడవ ఏంటంటే

ఫోన్లో చూసినా కంప్యూటర్లో బ్రౌజర్లో చూసినా అమ్మమ్మ ఫొటో చుట్టూ (ఆమె బొమ్మ కట్ చేసి కింద నీడ పెట్టాను) ఒక తెల్లటి డబ్బా కనిపిస్తోంది, మా వీధి చివర జిరాక్స్ షాపులో ప్రింట్ తీస్తే అందులోనూ డబ్బా ఉంది. కానీ ప్రెస్‌వాళ్ళు ఇచ్చిన ప్రూఫ్‌లో ఆ డబ్బా లేదు! సంతోషపడేలోపు చూస్తే 38, 41 పేజీల్లో ముగ్గే లేదు, ఉత్త ఎర్రమట్టి. అదే ముగ్గు ఫోన్లో శుభ్రంగా ఉంది. ఇవి కాక కొన్ని ముగ్గుల గీతల అంచున బూడిదరంగు చార, స్క్రీన్ మీద సన్నటి తెల్లగీతలు పేజీకి అడ్డంగా, 12వ పేజీలో అక్షరాలు కొన్ని మిగతావాటికన్నా లావుగా. ప్రెస్ అబ్బాయిని అడిగితే "ఫైల్లో ట్రాన్స్‌పరెన్సీ ఉందండి, ఫ్లాటెన్ చేసి పంపండి" అన్నాడు అంతే. ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియట్లేదు, సంక్రాంతికి ముందే రావాలి.

ఆండర్సన్_వీధి_కార్డులు (పారీస్ కార్నర్) – శుక్రవారం రాత్రి 10:51

అక్కా కంగారు పడకండి, పెళ్ళికార్డుల్లో మాకిది రోజూ ఉండేదే. తొందరగా కావాలంటే ఒక దారి ఉంది, పేజీలన్నీ 300 డీపీఐ జేపెగ్‌లుగా ఎక్స్‌పోర్ట్ చేసి వాటినే మళ్ళీ పీడీఎఫ్‌గా కట్టి ఇచ్చేయండి. జేపెగ్‌లో ట్రాన్స్‌పరెన్సీ (కిందది కనిపించేలా పారదర్శకంగా ఉండటం) అనేదే ఉండదు కాబట్టి డబ్బాలూ రావు, మాయం అవడాలూ ఉండవు, స్క్రీన్ మీద ఏం కనిపిస్తే అదే పడుద్ది. 

రాయపేట_ప్రీప్రెస్ – శుక్రవారం రాత్రి 11:15

ఆండర్సన్ వీధి అన్నా, మీరు చెప్పింది 4 రంగుల కార్డుకి ఒకటీ అరా నడుస్తుందేమో గానీ ఈ పుస్తకానికి వద్దు. ఎందుకంటే ఆమెది 2 రంగుల పని. జేపెగ్ చేసిన నిమిషంలో ఆ ఎర్రమట్టి స్పాట్ కాస్తా పోయి సయాన్ మజెంటా ఎల్లో బ్లాక్‌గా మారిపోతుంది, రంగుకో ప్లేటు లెక్కన 2 ప్లేట్ల చోట 4 ప్లేట్లు. అక్షరాలు కూడా బొమ్మలో కలిసిపోతాయి, 300 డీపీఐలో తెలుగు వత్తులు ఏమవుతాయో ఆలోచించండి, 9 పాయింట్లలో 'లక్ష్మి' అని రాస్తే క్ష కిందున్న మ వత్తు పూడుకుపోయి నల్లచుక్కలా పడుతుంది. నలుపు అక్షరం 4 రంగుల్లో చీలితే రిజిస్టర్ (రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవడం) వెంట్రుకవాసి జరిగినా అక్షరం చుట్టూ రంగునీడ.

అమ్మా, మీరు రాసినదాంట్లో అసలు కీలకం ఒకటుంది. ఫోన్లో డబ్బా కనిపించింది, ముగ్గు ఉంది. ప్రెస్ ప్రూఫ్‌లో డబ్బా లేదు, ముగ్గు లేదు. ఇవి వేరువేరు తప్పులు కావు, రెండిటికీ మూలం ఒకటే: ఓవర్‌ప్రింట్. ప్రెస్ రిప్ (ఫైలుని ప్లేటుకి సిద్ధం చేసే సాఫ్ట్‌వేర్) ఓవర్‌ప్రింట్‌ని పాటిస్తోంది, ఫోనూ బ్రౌజరూ జిరాక్స్ షాపు ప్రింటరూ పాటించట్లేదు.

కాస్త వివరంగా చెప్తా. ఎక్స్-1ఏ అంటే లోపల బతికున్న ట్రాన్స్‌పరెన్సీ ఉండకూడదు. ఆ స్టాండర్డ్ పాత పీడీఎఫ్ 1.3 రోజులనాటి లెక్కమీద వచ్చింది, ట్రాన్స్‌పరెన్సీ పీడీఎఫ్‌లోకి వచ్చిందే 2001లో 1.4తో. అందుకని ఎక్స్-1ఏ ఎక్స్‌పోర్ట్ చేస్తే ఇన్‌డిజైనే మీకు చెప్పకుండా ఫ్లాటెన్ చేసేస్తుంది (పారదర్శకంగా ఉన్నవాటిని కిందవాటితో కలిపి మామూలు ముక్కలుగా మార్చేస్తుంది), అంటే మీరు పంపింది ఆల్రెడీ ఫ్లాటెన్ అయిన ఫైలే. నీడ మీ ఎర్రమట్టి స్పాట్ మీద పడుతోంది కదా, స్పాట్‌ని స్పాట్‌గానే ఉంచాలి కాబట్టి ఫ్లాటెనర్ ఏం చేస్తుందంటే కింద ఎర్రమట్టిని అలాగే ఉంచి పైన నీడ ముక్కని నలుపులో చతురస్రంగా కోసి దాన్ని ఓవర్‌ప్రింట్ అని గుర్తుపెడుతుంది, అంటే కిందరంగుని చెరపకుండా పైన పడు అని. ఆ గుర్తుని చదవని వ్యూయర్ ఆ చతురస్రం కింద ఎర్రమట్టిని చెరిపేసి చూపిస్తుంది, అదే మీ తెల్లడబ్బా. ప్రెస్‌లో లేదంటే అక్కడ సరిగ్గానే పడుతోందని అర్థం.

38, 41 సంగతి దీనికి తిరగేసింది. ఆ 2 ముగ్గులూ మిగతావాటిలా చేశారా, వేరేగా చేశారా?

అమ్మమ్మ_ముగ్గులు – శనివారం ఉదయం 6:35

అవునండీ వేరేగానే! మిగతావన్నీ స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో బ్యాక్‌గ్రౌండ్ తీసేసి పీఎన్‌జీలు పెట్టాను. ఆ 2 మాత్రం నోటుబుక్కులో చెమ్మ తగిలి గీత అలుక్కుపోయింది, అందుకని ఇల్లస్ట్రేటర్‌లో పెన్ టూల్‌తో నేనే తిరిగి గీశాను. 38 రథం ముగ్గు, 41 మెలిక ముగ్గు. ముందు నల్లగీతలతో గీసి, నలుపుకి ఓవర్‌ప్రింట్ పెట్టాలని ఎక్కడో చదివి ఆట్రిబ్యూట్స్‌లో టిక్ పెట్టాను, తర్వాత ఎర్రమట్టి మీద వేద్దామని తెలుపుకి మార్చాను.

రాయపేట_ప్రీప్రెస్ – శనివారం ఉదయం 8:02

దొరికింది. రంగు మార్చారు గానీ ఓవర్‌ప్రింట్ టిక్ అలాగే ఉండిపోయింది. తెలుపుకి ఓవర్‌ప్రింట్ అంటే "కిందరంగు మీదే పడు, దాన్ని చెరపకు" అని చెప్పి చేతిలో సిరా లేకుండా పంపినట్టు, ఏమీ పడదు, కింద ఎర్రమట్టి నిండుగా పడుతుంది. ఇల్లస్ట్రేటర్‌లో ఆ గీతలన్నీ సెలెక్ట్ చేసి ఆట్రిబ్యూట్స్ పానెల్లో ఓవర్‌ప్రింట్ ఫిల్, ఓవర్‌ప్రింట్ స్ట్రోక్ రెండు టిక్కులూ తీసేయండి. డాక్యుమెంట్ సెటప్‌లో తెలుపు ఓవర్‌ప్రింట్‌ని వదిలేయమనే ఆప్షన్ కూడా ఉంది, అదీ పెట్టుకోండి కానీ దాన్నే నమ్ముకుని టిక్కులు అలా వదిలేయకండి.

ఇకనుంచి ఏ ఫైలయినా అక్రోబాట్ ప్రోలో తెరిచి ఔట్‌పుట్ ప్రివ్యూ పెట్టి సిమ్యులేట్ ఓవర్‌ప్రింటింగ్ టిక్ చేసి చూడండి. ఇన్‌డిజైన్‌లో అయితే వ్యూ మెనూలో ఓవర్‌ప్రింట్ ప్రివ్యూ. ఆ పని ఎక్స్‌పోర్ట్‌కి ముందు చేసుంటే 38వ పేజీ స్క్రీన్ మీదే ఖాళీగా కనిపించేది.

పాత_ప్లేట్‌మేకర్ (వడపళని) – శనివారం ఉదయం 9:40

అమ్మాయ్, నేను 1980లనుంచి ఈ మద్రాసులో ప్లేట్లు చేసినవాణ్ణి, ఇప్పుడు మానేశాను, మనవడు ఇది చూపించి చదివి వినిపించాడు. ముగ్గుల పుస్తకం అనగానే రాయాలనిపించింది.

మా రోజుల్లో ఇదే పని ఎలా చేసేవాళ్ళమో చెప్తా, నీ సమస్య అర్థం కావడానికి పనికొస్తుంది. ముగ్గు బొమ్మని కెమెరాలో లైన్ నెగెటివ్ తీసేవాళ్ళం, లైట్ టేబుల్ మీద పరిచి ఎక్కడ పిన్ను పొడిచినంత చిల్లు ఉన్నా సన్న బ్రష్‌తో ఒపేక్ (వెలుతురు పోనీయని రంగు) పూసేవాళ్ళం. ఎర్ర బ్యాక్‌గ్రౌండ్‌లో తెల్ల ముగ్గు కావాలంటే దాన్ని తిరగేసి పాజిటివ్ చేసి ఎర్రప్లేటులో ముగ్గు ఉన్నచోట సిరా పట్టకుండా చేసేవాళ్ళం. అచ్చులో తెల్లసిరా లేదమ్మా, తెలుపంటే కాయితమే. నువ్వు కంప్యూటర్లో తెల్లగీతని ఎర్రమట్టి "మీద" వేస్తున్నాననుకుంటున్నావు, నిజానికి ఎర్రమట్టిలోనుంచి గీతని "తీసేస్తున్నావు". వాకిట్లో పిండి పైన పడుతుంది, ప్రెస్‌లో అది తిరగేసి ఉంటుంది.

ఇలా ఆలోచిస్తే నీ ముగ్గులకి అసలు ట్రాన్స్‌పరెన్సీతో పని ఏముంది? గీత ఉంటే ఉంది లేకపోతే లేదు, సగం ఉండేదేం లేదుగా.

నెల్లూరి_డీటీపీ (టి.నగర్) – శనివారం ఉదయం 11:18

పెద్దాయన బంగారంలాంటి మాట చెప్పారు. అక్కా మాదీ నెల్లూరే, ఇక్కడ 15 ఏళ్ళుగా తెలుగు పుస్తకాల డీటీపీ చేస్తా ఉండా. మీ బూడిదరంగు అంచు సంగతి నేను చెప్తా.

నోటుబుక్కులో తెల్లకాయితం మీద నల్ల ఇంకు. స్కానర్ దాన్ని చదివినప్పుడు గీత అంచుల్లో పిక్సెళ్ళు సగం నలుపు సగం తెలుపు కలిసి బూడిదగా వస్తయ్. బ్యాక్‌గ్రౌండ్ తీసే ఆన్‌లైన్ పనిముట్లు ఆ అంచు పిక్సెల్ని సగం పారదర్శకం చేస్తయ్ గానీ దానిలో రంగు మాత్రం బూడిదగానే వదిలేస్తయ్. మీరు తర్వాత గీతని తెలుపుకి ఇన్వర్ట్ చేసినా మధ్య తెల్లబడుద్ది, అంచులో బూడిద బూడిదగానే ఉంటది, ఎర్రమట్టిలాంటి ముదురురంగు మీద పెట్టేసరికి అది చారలా బయటపడుద్ది. తెల్లకాయితం మీద పెట్టి చూస్తే కనిపించదు కాబట్టి చేసేటప్పుడు ఎవరికీ అనుమానం రాదు. ఫొటోషాప్‌లో లేయర్ మెనూలో మ్యాటింగ్ కింద డీఫ్రింజ్ అని ఉంది, 1 పిక్సెల్ ఇస్తే ఫొటోల కటింగ్‌కి బాగా పనిచేస్తది, అమ్మమ్మ ఫొటో అంచుకి అది వాడండి. ముగ్గులకి మాత్రం వద్దు, ఎందుకంటే ఇంకో పెద్ద ఇబ్బంది ఉంది.

పీఎన్‌జీ అనేది ఆర్‌జీబీ (స్క్రీన్ రంగులు), లేదంటే గ్రేస్కేల్, అందులో సీఎమ్‌వైకే (అచ్చు 4 రంగులు) లేనే లేదు. మీ ఫైలు తెరిచి సెపరేషన్స్ ప్రివ్యూ (ఏ ప్లేటులో ఏం పడుద్దో చూపించేది) చూడండి, 2 రంగుల పుస్తకంలో నలుపూ ఎర్రమట్టీ కాక సయాన్ మజెంటా ఎల్లో ప్లేట్లలో కూడా ఏదో ఉంటది. ఆ బూడిద అంచులన్నీ అక్కడికే పోతయ్.

అమ్మమ్మ_ముగ్గులు – శనివారం మధ్యాహ్నం 2:05

ఇప్పుడే చూశాను. మీరన్నట్టే సయాన్ ఒక్కటీ ఆన్ చేసి మిగతావన్నీ ఆఫ్ చేస్తే ముగ్గు మొత్తం సన్నటి గీతల ఆకారంలో, లోపల ఖాళీగా అంచులు మాత్రమే కనిపిస్తోంది, గీతకి అటొక గీత ఇటొక గీత. చూడగానే గుండె జారిపోయింది. అంటే ప్రెస్‌వాళ్ళు ఇది ఇలాగే వేస్తే నాకు 5 ప్లేట్ల బిల్లు పడేదా?

ఓవర్‌ప్రింట్ టిక్కులు తీసేశాను, 38, 41 ప్రివ్యూలో వచ్చాయి. రాయపేట అన్నా మీకు చాలా రుణపడి ఉన్నాను. మరి పీఎన్‌జీలు 70 దాకా ఉన్నాయి, వాటిని ఏం చేయమంటారు?

నెల్లూరి_డీటీపీ – శనివారం మధ్యాహ్నం 3:30

పడేదో, లేకపోతే వాళ్ళే ఆ 3 ప్లేట్లూ తీసేసి అంచులు ఎట్టొస్తే అట్టా వేసేసేవాళ్ళు, రెండూ మనకి నష్టమే.

70 అయినా చేయదగ్గ పనే అక్కా, ఒకసారి చెయ్యి తిరిగితే ముగ్గుకి 5 నిమిషాలు. పీఎన్‌జీలు పక్కన పెట్టేయండి, నోటుబుక్కులు మళ్ళీ స్కాన్ చేయాలి, ఈసారి 1200 డీపీఐలో, రంగుల్లోనే. 300లో ఉన్న పాతవాటిని సాగదీసి 1200 చేస్తే అది పేరుకే 1200, గీత మెట్లుమెట్లుగా పడుద్ది. స్కాన్ అయ్యాక ఫొటోషాప్‌లో చానెల్స్ తెరిచి నీలం చానెల్ ఒక్కటే తీసుకోండి. రూళ్ళు నీలం కదా, నీలం చానెల్లో నీలంరంగు, తెల్లకాయితంతో సమానంగా తెల్లగా కనిపిస్తది కాబట్టి రూళ్ళు దానంతటవే మాయమై నల్ల ఇంకు గీత నిలబడుద్ది. దాన్ని గ్రేస్కేల్ చేసి లెవెల్స్ కాస్త బిగించి, ఇమేజ్ మెనూలో మోడ్ కింద బిట్‌మ్యాప్, 1200, 50 శాతం త్రెషోల్డ్ (సగంకన్నా ముదురైతే నలుపు, లేతైతే తెలుపు). టిఫ్‌గా సేవ్ చేయండి. ఇప్పుడు అందులో నలుపు తెలుపు తప్ప మధ్యరకం లేదు, పెద్దాయన చెప్పిన ఉంటే ఉంది లేకపోతే లేదు అనే లెక్క.

ఆ టిఫ్‌ని ఇన్‌డిజైన్‌లో ఎర్రమట్టి మీద ప్లేస్ చేయండి. 1 బిట్ టిఫ్‌లో తెల్లభాగాన్ని ఇన్‌డిజైన్ ఖాళీగానే తీసుకుంటది, నల్లభాగానికి మనకి కావల్సిన స్వాచ్ (రంగు) ఇయ్యొచ్చు. తెల్లబాణం టూల్‌తో బొమ్మని పట్టుకుని పేపర్ అనే స్వాచ్ ఇయ్యండి, అంతే. ఎర్రమట్టిలోనుంచి ముగ్గు కోసినట్టు వచ్చేస్తది. ట్రాన్స్‌పరెన్సీ లేదు, ఫ్లాటెనర్ ఆ పేజీ జోలికే రాదు.

పేజీ నిండా ముగ్గు అయితే 10,200 పిక్సెళ్ళు అటూ ఇటూ, ఇంత పెద్ద ఫైలా అని భయపడొద్దు, పిక్సెల్‌కి 1 బిట్టే కాబట్టి కుదించకుండానే 13 ఎంబీకి అటూఇటూగా ఉంటది, కంప్రెస్ చేస్తే ఇంకా చిన్నది.

అమ్మమ్మ_ముగ్గులు – శనివారం మధ్యాహ్నం 3:52

రెండో నోటుబుక్కులో అమ్మమ్మ నీలం బాల్‌పెన్‌తో గీసింది, అప్పుడెలా? నీలం చానెల్ తీస్తే గీత కూడా పోతుంది కదా.

నెల్లూరి_డీటీపీ – శనివారం మధ్యాహ్నం 4:10

అవును, పోతది. వాటికి ఎర్ర చానెల్ తీసుకోండి, నీలంగీత అందులో ముదురుగా వస్తది, రూళ్ళు కూడా వస్తయ్ గానీ అవి లేతగా ఉంటయ్, లెవెల్స్‌తో కొన్ని పోతయ్. మిగిలినవి రబ్బరుతో చెరుపుకోవాల, అడ్డదారి లేదు. లేదంటే మీరు 38వది చేసినట్టు పెన్ టూల్‌తో తిరిగి గీయడం, మెలికలకి అదే నయం. చుక్కల దగ్గర మాత్రం జాగర్త, 7 చుక్కల సందుచుక్క ముగ్గులో ఒక్క చుక్క త్రెషోల్డ్‌లో ఎగిరిపోయినా నేర్చుకునేవాళ్ళకి లెక్క తప్పుద్ది, 7 నుంచి 4 వరకు వరసలు ఎంచి చూసుకోండి.

స్క్రైబస్_పిల్లోడు (వేళచ్చేరి) – శనివారం సాయంత్రం 6:45

ఇన్‌డిజైన్ కొనలేని నాలాంటి స్టూడెంట్స్ కూడా ఇది చదువుతారు కాబట్టి నా అనుభవం కూడా రాస్తున్నా. మా కాలేజీ తెలుగు సంఘం సంచిక స్క్రైబస్‌లో చేశాను, అందులో ప్రిఫ్లైట్ వెరిఫయర్ (అచ్చుకి ముందు తప్పులు చూసేది) ఉంటుంది, పీడీఎఫ్ 1.3 లేదా ఎక్స్-3 అని పెట్టి చెక్ చేస్తే ఏ పేజీలో ఏ బొమ్మకి ట్రాన్స్‌పరెన్సీ ఉందో పేరుపెట్టి చూపిస్తుంది. అది ఎర్రర్ అని భయపడి అన్నీ తీసేయాల్సిన పనిలేదు, ప్రెస్‌వాళ్ళు ఎక్స్-4 (ట్రాన్స్‌పరెన్సీని అలాగే ఉంచే రకం) తీసుకుంటామంటే ఎక్స్-4 పెట్టేస్తే సరి. ఇంక్‌స్కేప్‌లో గీసినవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే దాన్నుంచి వచ్చే పీడీఎఫ్ ఆర్‌జీబీలో ఉంటుంది, బ్లర్ పెట్టిన నీడలు బొమ్మలుగా మారిపోతాయి, అందుకని నేను ముగ్గూ బొమ్మా లాంటివి ఎస్‌వీజీగానే స్క్రైబస్‌లోకి తెచ్చుకుని అక్కడ రంగు మార్చుకుంటా.

నాకొక డౌట్, ఆ సన్నటి తెల్లగీతలు నాకూ వచ్చాయి, అవి పడతాయా పడవా?

రాయపేట_ప్రీప్రెస్ – శనివారం రాత్రి 9:20

ఆ గీతల గురించి వారానికి ఒక్కరైనా ఫోన్ చేసి అడుగుతారు. ఫ్లాటెన్ అయిన ఫైల్లో పేజీ ముక్కలు ముక్కలుగా ఉంటుంది, పక్కపక్క ముక్కల అంచుల్ని స్క్రీన్ నునుపు చేయబోయి మధ్యలో సన్నసందు చూపిస్తుంది. పరీక్ష తేలిక: జూమ్ చేస్తూ పోండి. 100లోనూ 400లోనూ 1600లోనూ గీత అంతే వెంట్రుక మందంలో ఉంటే అది స్క్రీన్ మీది గీతే, కాయితం మీద పడదు. జూమ్‌తో పాటు గీత కూడా లావెక్కుతుంటే అది నిజమైన సందు, ఫైల్లో సరిచేయాలి. అక్రోబాట్‌లో ప్రిఫరెన్సెస్, పేజ్ డిస్‌ప్లేలో స్మూత్ లైన్ ఆర్ట్ టిక్ తీసేసినా గీతలు పోతే అదీ అదే రుజువు. అవి స్క్రీన్ మీద కనిపించాయనే ఆమె మొదట్లో రాశారు, ప్రూఫ్‌లో ఉన్నాయనలేదు కాబట్టి అక్కడ భయం లేదు.

12వ పేజీలో లావు అక్షరాలు. అమ్మమ్మ ఫొటో నీడ ఆ పేరా మీదిదాకా వస్తోందా? వస్తుంటే ఫ్లాటెనర్ నీడ కింద పడ్డ అక్షరాల్ని ఫాంట్‌గా ఉంచకుండా ఔట్‌లైన్‌లు చేసి ఉంటుంది, పక్కనున్నవి ఫాంట్‌గానే ఉన్నాయి, అందుకే ఒకే వరసలో సగం లావు సగం సన్నం. 2400 డీపీఐ ప్లేట్ మీద ఆ తేడా చాలావరకు కనపడదు, 600 లేజర్ ప్రూఫ్‌లో బాగా కనపడుతుంది. ఎలాగూ చేయాల్సిన పని ఒకటే, అక్షరాలన్నిటికీ వేరే లేయర్ పెట్టి అన్నిటికన్నా పైన ఉంచండి. ట్రాన్స్‌పరెన్సీ తనకింద ఉన్నవాటినే ముట్టుకుంటుంది, పైనున్నవాటిని కదపదు.

ఆండర్సన్_వీధి_కార్డులు – శనివారం రాత్రి 10:05

రాయపేట అన్న చెప్పింది కరెక్ట్, జేపెగ్ మాట నేను వెనక్కి తీసుకుంటున్నా, 2 రంగులని చదివి కూడా గమనించకుండా రాసేశాను.

తెలుగుకి మాత్రమే వచ్చే ఒక సంగతి చెప్తా, కార్డుల్లో చూసి చూసి తెలిసింది. వెనకాల పెద్దగా 'శ్రీరస్తు' అని లేతగా వేస్తాం కదా, అక్షరాల్ని ఔట్‌లైన్ చేసి ఒపాసిటీ 20 పెడితే శ కి గుడిదీర్ఘం తగిలే చోట, స కింద త వత్తు ఆనుకునే చోట ముదురుమచ్చలు వస్తాయి, ఎందుకంటే మన అక్షరాల ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, ప్రతి ముక్కకీ విడిగా 20 పడితే కలిసినచోట దాదాపు రెండింతలు కనిపిస్తుంది. ముక్కలన్నీ గ్రూప్ చేసి గ్రూప్‌కి ఒపాసిటీ ఇస్తే మచ్చలు పోతాయి. ఇంకా మంచిది, ఒపాసిటీ మానేసి అదే రంగు 20 శాతం టింట్ (పారదర్శకం కాకుండా రంగునే లేత చేయడం) వేయడం. తెల్లకాయితం మీద కంటికి రెండూ ఒకటే, టింట్‌కి ట్రాన్స్‌పరెన్సీ లేదు. అక్కా మీ పుస్తకంలో అలాంటి లేత అక్షరాలు ఎక్కడైనా ఉంటే చూసుకోండి.

అమ్మమ్మ_ముగ్గులు – సోమవారం రాత్రి 11:30

ఉన్నాయి, ప్రతి విభాగం మొదట 'ధనుర్మాసం', 'రథసప్తమి' అని లేతగా వేశాను, అన్నీ టింట్‌కి మార్చాను, ధ కి వత్తు కలిసేచోట మచ్చ ఉండేది, నేను అది ఫాంటే అలా ఉందనుకున్నాను.

ఆదివారమంతా స్కానింగ్‌కే సరిపోయింది. మా అమ్మాయి పక్కన కూర్చుని ఒక్కో ముగ్గుకీ చుక్కలు ఎంచింది, 15 నుంచి 8 దాకా ఉండే పెద్దముగ్గులో ఒక చివర 2 చుక్కలు నిజంగానే ఎగిరిపోయాయి, లెవెల్స్‌లో కాస్త ముదురు చేసి మళ్ళీ బిట్‌మ్యాప్ చేస్తే వచ్చాయి. 1200లో పెద్దది చేసి చూస్తే అమ్మమ్మ పెన్ను ఎక్కడ ఆపి మళ్ళీ ఎత్తిందో కూడా తెలుస్తోంది, మెలిక తిరిగేచోట ఇంకు కాస్త గుమిగూడి ఉంది. పాత పీఎన్‌జీల్లో అదంతా బూడిదలో కలిసిపోయింది. ఇన్ని నెలలు నేనది చూడనేలేదు.

ఇప్పుడు సెపరేషన్స్‌లో నలుపు, ఎర్రమట్టి 2 మాత్రమే ఉన్నాయి. అమ్మమ్మ ఫొటో గ్రేస్కేల్ చేశాను, డీఫ్రింజ్ ఇచ్చాను. ఇక మిగిలింది ఆ నీడ. ఎక్స్-1ఏ పంపాలా ఎక్స్-4 పంపాలా?

రాయపేట_ప్రీప్రెస్ – మంగళవారం ఉదయం 8:15

ప్రెస్‌నే అడగండమ్మా, కానీ "ఫ్లాటెన్ చేయాలా" అని అడగొద్దు, "మీ రిప్ పీడీఎఫ్ ట్రాన్స్‌పరెన్సీని నేరుగా తీసుకుంటుందా, ఎక్స్-4 ఇవ్వనా" అని అడగండి. అడోబీ పీడీఎఫ్ ప్రింట్ ఇంజిన్ 2006లో వచ్చింది, అది ఉన్న రిప్‌లు ఫ్లాటెన్ చేయకుండానే నేరుగా ప్లేటుకి వేస్తాయి. పోస్ట్‌స్క్రిప్ట్ మీద నడిచే పాత రిప్ అయితే దానికి ట్రాన్స్‌పరెన్సీ తెలియదు, అప్పుడు ఎక్స్-1ఏ తప్పదు. చాలాచోట్ల కొత్త రిప్ ఉండి కూడా అలవాటుకొద్దీ ఎక్స్-1ఏ అంటారు.

ఎక్స్-1ఏ అనే చెప్తే ఫ్లాటెనర్ ప్రీసెట్ హై రిజల్యూషన్ పెట్టండి, గీతలూ అక్షరాలూ 1200, గ్రేడియంట్లు 300 ఉంటుంది అందులో. ఎడిట్ మెనూలో ట్రాన్స్‌పరెన్సీ బ్లెండ్ స్పేస్ డాక్యుమెంట్ సీఎమ్‌వైకే ఉందో లేదో చూసుకోండి, ఆర్‌జీబీలో ఉంటే 4 రంగుల మీ కవరు ఫొటో రంగు మారిపోయే ప్రమాదముంది. నీడ బ్లెండ్ మోడ్ మల్టిప్లైలోనే, రంగు ఉత్త నలుపులోనే ఉండాలి, 4 రంగుల నలుపు వద్దు. ప్రూఫ్ తీసేటప్పుడు ఓవర్‌ప్రింట్ సిమ్యులేట్ చేసి తీయమని రాతపూర్వకంగా ఇవ్వండి.

అమ్మమ్మ_ముగ్గులు – బుధవారం సాయంత్రం 5:40

మీరు చెప్పిన మాటే అడిగితే ఆ అబ్బాయి లోపలికెళ్ళి కనుక్కొచ్చి ఎక్స్-4 ఇవ్వండి అన్నాడు, నీడ గురించి ఇక ఏమీ చేయక్కర్లేదన్నాడు. ఇచ్చాను, ఇవాళ ప్రూఫ్ వచ్చింది. 38లో రథం ఉంది, 41లో మెలిక ఉంది, 12లో అక్షరాలన్నీ ఒకటే లావు, అమ్మమ్మ చుట్టూ డబ్బా లేదు. భూతద్దం పెట్టి అంచులు చూశాను, బూడిద లేదు, గీత పక్కనే ఎర్రమట్టి. ఒక్కటే అనుమానం, 54వ పేజీలో చుక్కలు చాలా చిన్నవి, అర మిల్లీమీటరు కూడా లేవు, ఎర్రమట్టిలో నిలుస్తాయా?

పాత_ప్లేట్‌మేకర్ – బుధవారం రాత్రి 8:10

నిండు సిరాలో చిన్న తెల్లచుక్క పూడుకుపోతుందమ్మా, కోటింగ్ లేని కాయితమైతే ఇంకా తొందరగా. సిరా కాస్త పరుచుకుంటుంది, అది ఏ మిషన్‌లోనైనా ఉండేదే. ఆ ఒక్క పేజీలో చుక్కల్ని 1 మిల్లీమీటరుకి పెంచు, గీతల్ని ముట్టుకోవద్దు. పెంచాక మళ్ళీ ఒకసారి ఎంచు.

అమ్మమ్మ_ముగ్గులు – బుధవారం రాత్రి 9:25

పెంచాను తాతగారూ. మా అమ్మాయి ఎంచింది, వరసలన్నీ సరిపోయాయి. రేపు పొద్దున ఆ పేజీ ఒక్కటీ మార్చి ఇచ్చేస్తా, ప్లేట్లకి వెళ్తుందట. మీ అందరికీ తలా ఒక కాపీ పంపాలి, అడ్రసులు మెసేజ్‌లో ఇవ్వండి.